నక్క ఇంటి తడక

కొండ కింద పదకొండు దొడ్లున్న జంతువుల పేట ఒకటుండేది. మేకలు, గొర్రెలు, బాతులు, కోళ్లు... అందరూ భయస్తులే. భయపడరూ మరి, కొండమీద తోడేలుంటే! దానికీ వీళ్లకీ మధ్య అడ్డం ఏవిటయ్యా అంటే వెదురు తడకలు. ఆ తడకలన్నీ కుందేలు పైడమ్మ చేతివే. వెదురుని పళ్లతో చీల్చి, బద్దలు తీసి, అల్లి, పైన పేడ మెత్తి తలుపుగా నిలబెట్టిందంటే చూసినవాళ్లు ముక్కున వేలేసుకోవాల్సిందే.

మొదట్లో వెదురు కొండదారిలో ఉండే ఎలుగుబంటి ముసలాయన దగ్గర తెచ్చుకునేది. సరుకు ఉక్కే, చిక్కల్లా ముసలాయనతోనే.

"వెన్నెల రోజుల్లో కొడితే పుచ్చుతుందే! అమావాస్య రానీ. కొట్టాక ఇరవై రోజులు వాగులో నానాలి. అప్పుడు రా, పో!" అని తరిమేసేవాడు. ఇక్కడేమో బాతు వచ్చి, "నా తడకేదీ?" అని గుమ్మంలో కూచునేది.

సరిగ్గా అప్పుడు దిగాడు నక్క బంగారయ్య.

"ఆ ముసలాడి చుట్టూ ఎన్నాళ్లు తిరుగుతావక్కా? నువ్వు ఎప్పుడంటే అప్పుడు నీ ముంగిట్లో మోపు దించుతా. గడప దాటక్కర్లేదు నువ్వు."

పైడమ్మ పొంగిపోయింది. పచ్చటి వెదురు దోసకాయలా తెగుతుంటే పళ్లకి ఎంత హాయి! రెండేళ్లలో పేటలో పాత తడకలన్నీ తీసేసి కొత్తవి పెట్టింది. కొండదారి మర్చేపోయింది.

ఒక వానాకాలం పొద్దున బంగారయ్య ఇంకో మోపు తెచ్చి దించాడు.

"ఇది నా గుహకి తడక, అక్కా. రోజులు బాగోలేవు. ఎల్లుండిలోగా పెట్టెయ్యాలి."

"ఎల్లుండి ఏముంది తమ్ముడూ?"

"ఏముంటుంది? వాన!" అని నవ్వి గబగబా వెళ్లిపోయాడు.

పైడమ్మ ఆ వెదురు కొరికింది. పన్ను జివ్వుమంది. ఇంకోటి కొరికింది. దవడ అదిరింది. గోరుతో కొడితే ఖణంగుమంది. కణుపుల్లో వాగు బురద నల్లగా పట్టి ఉంది. అరె, ఇది ఎలుగు నానేసిన సరుకు! వీడు ఎత్తుకొచ్చాడు. అది సరే, వాడింటికి ఈ ఉక్కూ, మనకేమో ఆ దోసకాయా?

పక్కదొడ్డికి పరిగెత్తింది. మేక నూకాలు పిల్లలకి పాలిస్తోంది.

"ఏంటొదినా ఆ పరుగు?"

పైడమ్మ తడకని కాలితో తట్టింది. డొబ్ మంది. పేడ పెళ్ల ఊడి, లోపల్నించి తెల్లటి పిండి బొరబొరా రాలింది. పుచ్చు! పక్కదొడ్డిదీ అంతే. ఆ పక్కదీ అంతే. పదకొండూ అంతే. గొర్రె దొడ్డి వెనక తడిమట్టిలో నక్క అడుగులు కనిపించాయి. వాటి పక్కనే, ఇంతింత పెద్ద అడుగులు.

నూకాలు పిల్లల్ని దగ్గరికి లాక్కుంది. "తోడేలు... చూసుకుని పోయిందా?"

"చూసుకుని పోయింది. వీడే వెంటబెట్టుకుని చూపించాడు. అందుకే ఎల్లుండిలోగా తన గుహకి గట్టి తడక కావాలన్నాడు. ఎల్లుండే వస్తుంది."

"నువ్వు పెట్టిన తలుపే కదొదినా ఇది! నా పిల్లలు..."

పైడమ్మ మనసులో లెక్కేసుకుంది. రెండ్రోజుల్లో పదకొండు తడకలకి వెదురు ఎక్కణ్ణించి తేవాలి? చేతిలో ఉన్నది ఒక్క మోపు. అదీ నక్కది.

అంతలో దాని చెవులు నిక్కబొడుచుకున్నాయి. "వదినా, నీదొక్కటే రాతిగోడల దొడ్డి. పేటంతా ఇందులో పడుతుందా?"

"పట్టదు."

"పట్టించు."

పైడమ్మ గట్టి మోపుతో నూకాలు దొడ్డికి తడక అల్లింది. ఇంట్లో మిగిలిన పుచ్చు వెదురుకి వాగు బురద రాసి, దాంతో ఇంకో తడక అల్లి, మందంగా పేడ మెత్తి, మర్నాడు నక్క గుహకి మోసుకెళ్లి బిగించింది.

"ఏదీ, ఓసారి తట్టి చూద్దాం," అని బంగారయ్య పంజా ఎత్తాడు.

పైడమ్మ గబుక్కున అడ్డం వచ్చింది. తడితే డొబ్ మంటుంది. తర్వాత మోగేది తన మెడే.

"అయ్యో తమ్ముడూ, పేడ పచ్చిగా ఉంది! తట్టావంటే పెళ్లంతా ఊడి నీ నెత్తినే పడుద్ది."

ఎత్తిన పంజా అలాగే కాసేపు ఉంది. చివరికి, "ఛీ, వాసన!" అని దించేశాడు.

ఆ ఎల్లుండి రానే వచ్చింది. పట్టపగలే ముసురుకి చీకటి కమ్మింది. నూకాలు దొడ్డిలో మేకల పొట్టల కింద బాతులు, గొర్రెల వీపుల మీద కోళ్లు. కిక్కురుమన్నవాళ్లు లేరు.

పేట చివర ఫటుక్కుమంది.

"బాతుది," అంది పైడమ్మ నోట్లోనే.

మళ్లీ ఫటుక్. "గొర్రెది." అల్లిన చెయ్యి కదా, చప్పుడునిబట్టే తెలుస్తోంది. ఎనిమిది... తొమ్మిది... పది. అన్నీ దగ్గరికొస్తున్నాయి. అడుగులు వచ్చి తలుపు బయట ఆగాయి. సందులోంచి వేడి ఊపిరి లోపలికొచ్చింది. మేకపిల్ల ఒకటి అరవబోతే నూకాలు దాని నోరు తన పొట్టకి అదుముకుంది.

"అన్నీ ఖాళీ ఏంట్రా?" తోడేలు గొంతు.

"అందరూ ఇందులోనే దూరుంటారు మావా! మంచిదే కదా, ఒకేచోట భోజనం. తుమ్మితే పడిపోద్ది. కుమ్మెయ్!" అన్నాడు నక్క.

తోడేలు వెనక్కెళ్లి పరుగున వచ్చి గుద్దింది. ఖణంగ్! తడక కదల్లేదు. తోడేలు ముందుపళ్లు రెండు బురదలో పడ్డాయి. మళ్లీ గుద్దింది. నెత్తిన బొప్పి లేచింది.

"తుమ్మితే పడుద్దన్నావు?"

"అదీ... మావా... సరుకంతా ఒకటే మరి..."

"నన్నే ముంచుతావట్రా?"

నక్క పరుగో పరుగు. గుహలో దూరి తడక వేసుకుని, లోపల్నించి రెచ్చిపోయాడు. "గుద్దుకో మావా! ఇరవై రోజులు వాగులో నానిన వెదురిది! నీ తాతొచ్చినా..."

మాట పూర్తికాలేదు. ఫటుక్కుమంది.

బంగారయ్యని మళ్లీ ఎవరూ చూళ్లేదు. పళ్లూడిన తోడేలు కొండ దాటి పోయిందని కొందరంటారు, ఇంకా అక్కడే ఉందని కొందరు. అందుకే పేటంతా నూకాలు దొడ్డిలోనే, ఒకరి మీద ఒకరు. పైడమ్మ మాత్రం మర్చిపోయిన కొండదారి వెతుక్కుంటూ ఎలుగుబంటి దగ్గరికెళ్లింది.

"అమావాస్యకి ఇంకా పన్నెండు రోజులుందే!" అని కసిరాడు ముసలాయన.

"ఉండనీ మావయ్యా, కూచుంటాను," అని గుహ ముందే చతికిలబడింది.

నీతి: సరుకు కొనేముందు, అమ్మేవాడు తనింటికి ఏ సరుకు వాడుకుంటున్నాడో చూడాలి.