షాంపూ అనే మాట ఓడెక్కిన కథ

అనగనగా బందరు రేవులో ఓ తెల్లదొర, ఆయనకి ఆగ్నెసు అని ఓ కూతురు. పాపం, ఆ పిల్లకి తల్లి పోయింది. అప్పట్నించీ దానికి కంటిమీద కునుకు లేదు. కళ్ళు మూస్తే అమ్మ మొహం మర్చిపోతానేమోనని భయం, వెర్రితల్లికి!

దొర వేడిపాలు పట్టించాడు. నిద్ర రాలేదు. బంట్రోతు చేత పంకా లాగించాడు. ఊహూఁ. అప్పుడు వంటింట్లోంచి వంటమనిషి మస్తాన్ బీ వచ్చింది. "కాస్త తప్పుకోండి దొరగారూ" అని పిల్లని ఒళ్ళో కూచోబెట్టుకుంది. మాడున నూనె పెట్టి, కణతలూ మెడా మెత్తమెత్తగా ఒత్తింది. వాళ్ళ హిందుస్తానీలో అలా ఒత్తమనడానికి చాంపో అంటార్లే. ఒత్తుతూ, "మీ అమ్మ ఎలా ఉండేది బంగారూ?" అని అడిగింది. పిల్ల చెప్తూ చెప్తూ నిద్రపోయింది. కలలోకి అమ్మ వచ్చింది.

ఇక చూస్కో, రోజూ దీపాలవేళకి "చాంపో, చాంపో" అని బీ కొంగు పట్టుకుని తిరిగేది.

ఆ తర్వాత దొర పిల్లని ఓడెక్కించి, వాళ్ళ దేశంలో పెద్దమ్మ దగ్గరికి పంపేశాడు. బీ ఒడ్డునే ఉండిపోయింది. సముద్రం నిండా వెన్నెల, ఓడ ఉయ్యాలూగుతోంది, పిల్ల మాత్రం కళ్ళు తెరుచుకునే ఉంది. తనే తలకి నూనె రాసుకుంది. ఏం లాభం?

ఆ పెద్దమ్మ ఉందే, చెల్లెలి పేరెత్తితే ఏడుపొస్తుందని ఇంట్లో ఎవర్నీ ఎత్తనిచ్చేది కాదు. "చాంపో" అంది పిల్ల. ఆవిడకేం తెలుసు, నా మొహం! నూనె చూసి మురికనుకుని సబ్బుపెట్టి రుద్దేసింది. మర్నాడూ చాంపో అంది. మళ్ళీ సబ్బే! ఇరుగుపొరుగు ఆ నురగే చూసి, తల రుద్దుకోవడానికి ఆ మాటే పెట్టుకున్నారట. వాళ్ళ నోట్లో పడి అది షాంపూ అయింది. ఈ పిల్ల కథ నిజమో కల్లో నాకు తెలీదుగానీ, మాట మాత్రం మన దేశం నుంచి పోయిందే.

మూడోనాడు పిల్ల పెద్దమ్మ చేతులు రెండూ పట్టుకుని తన తలమీద పెట్టుకుంది. "ఇలా ఒత్తాలి పెద్దమ్మా. ఒత్తుతూ మా అమ్మ సంగతులు అడగాలి" అంది.

పెద్దమ్మ ఒత్తింది. అడగబోయి తనే చెప్పడం మొదలెట్టింది. చిన్నప్పుడు చెల్లెలు మంచులో ఆడి ఒంటికాలి జోడుతో ఇంటికొచ్చిందట! చెప్తూ చెప్తూ బావురుమంది. చెయ్యి మాత్రం ఆపలేదు. ఆ చేతుల కింద పిల్ల హాయిగా కళ్ళు మూసుకుంది.

కథ కంచికి నడిచింది,
కన్ను కలని పిలిచింది,
మన ఇల్లు మనకి తలుపు తెరిచింది.