సీమ కారుకు నాలుగు బిళ్లలు

గుమ్మడిపాడు జమీందారుగారి పాతకారుకి డిక్కీ మూత కింద రబ్బరు బిళ్లలు అరిగిపోయాయి. కారు కదిలితే చాలు, మూత డబడబమని కొట్టుకునేది. ఆ చప్పుడు విని, జమీందారుగారు వస్తున్నారని జనం ముందే సందుల్లోకి తప్పుకునేవారు.

మర్నాడు కొత్త వియ్యంకులు దిగుతున్నారు. ఇంగ్లండు సీమ నుంచి బిళ్లలు రావాలంటే ఆరు నెలలు.

"ఇది ఓడలో వచ్చిన కారు. దీనికి నాటు సరుకు తగిలించారో, తగిలించినవాడి వేళ్లు విరుగుతాయి" అన్నారు జమీందారుగారు. మెకానిక్కులంతా చేతులెత్తేశారు.

చెప్పులు కుట్టే పోలయ్య మాత్రం, "సీమ సరుకే వేస్తాను బాబయ్యా" అన్నాడు. కారు షెడ్డు వెనక్కి వెళ్లి, నాలుగు బిళ్లలు కోసి తెచ్చి బిగించాడు. మూత మెత్తగా మూసుకుంది. జమీందారుగారి ముఖం వెలిగింది. అంతలో ఆయన చూపు పోలయ్య కాళ్ల మీద పడింది. చెప్పులు మడమల దగ్గర కోసేసి ఉన్నాయి.

"నీ చెప్పులు కోసి నా కారుకి పెట్టావట్రా?"

"ఈ కారుతోపాటు ఓడ దిగిన టైరే బాబయ్యా. అరిగిందని తమరు పారేయిస్తే, చెప్పులు కుట్టుకున్నాను."

"అయినా నీ కాలి కింద నలిగిందేగా."

పోలయ్య తల గోక్కున్నాడు. "నిజమే బాబయ్యా. కానీ తమరి కారు కింద ఉన్నన్నాళ్లూ అది తొక్కని పేడ లేదు. నా కాలి కిందికొచ్చాకే కాస్త చూసుకుని నడవడం నేర్చుకుంది."

జమీందారుగారు ఏదో అనబోయి నోరు తెరిచారు. మళ్లీ మూసుకున్నారు, ఆ డిక్కీ లాగే, చప్పుడు లేకుండా.