చిన్న తలుపు వెనక

"ఆ ముసలామె అడిగేదానికి నేనేం చెప్పాలి గురువుగారూ?" అని మా ఊరి సెయిజి, ఆట నేర్పే తొకుజిరో గురువుని అడిగాడు. ఆ ముసలామె నేనే. నేనడిగేది ఒకటే మాట. నా మొగుణ్ణి చిన్న తలుపు వెనక పడుకోబెట్టినప్పుడు ఆయన బతికున్నాడా, పోయాడా?

మాది జపాన్‌లో మంచు ఎక్కువ పడే పక్క, వరి పండించే ఊరు. నో అనే ఆట ఆడతాం. చెక్కతో చేసిన మొహం కట్టుకుని, పాటకీ డోలుకీ నెమ్మదిగా అడుగేసే ఆట. పట్నాల్లో అది పెద్ద వంశాల సొత్తంట. మా ఊళ్ళో మాత్రం పొద్దున బురదలో దిగినవాడే సాయంత్రం పట్టుబట్ట కడతాడు, తాతల నాటి నుంచీ అంతే. ఆడవాళ్ళం బట్టలు కుడతాం, టీ కాస్తాం. వేదిక ఎక్కం.

ఆ ఆటకి ఒక కట్టుబాటుంది. ఆడేవాడి వెనకాల మూలన, చెక్క మొహం లేకుండా, నల్లబట్టల్లో ఒకడు కూచుంటాడు. వాణ్ణి కోకెన్ అంటారు. ఆట మొత్తం వాడికీ వచ్చి ఉండాలి. ఆడేవాడు పడిపోయాడనుకోండి, పక్కవాళ్ళు వాణ్ణి వేదిక మూలనున్న చిన్న తలుపులోంచి లోపలికి లాగేస్తారు, కోకెన్ లేచి ఆ అడుగు దగ్గరే అందుకుంటాడు. పాట ఆగదు. డోలు ఆగదు. చూసేవాళ్ళు కిక్కురుమనరు.

ఈ చలికాలం పండగలో మా ఆయన ఇసాకు అట్లానే పడ్డాడు. వెనక కూచున్నది సెయిజి. లేచాడు, అందుకున్నాడు, చివరిదాకా ఆడాడు. బాగా ఆడాడు, నేను కాదనను. ఆటయ్యాక అందరూ లోపలికెళ్ళి చూస్తే ఇసాకు గోడవైపు తిరిగి పడున్నాడు. చెక్క మొహం కూడా విప్పలేదు. ఆ మొహం కట్టుకుంటే గాలాడదు, ఆడేవాళ్ళందరికీ తెలుసు. అయినా ఎవడూ విప్పలేదు.

అప్పట్నుంచీ ఊరంతా వచ్చి నా ముందు పొగడ్తలు కుమ్మరించి పోతారు. దేవుడిలా పోయాడంటారు. ఇట్లాంటి చావు ఎంతమందికి దొరుకుతుందంటారు. అంత మంచిదైతే మీరు పోండి, నేను ముడుపు కడతాను అన్నాను ఒకడితో, మళ్ళీ రాలేదు. పట్నం పేపర్లో ఆ చావు అందంగా ఉందని రాశారంట, నాకు చదువు రాదు, మా మనవరాలు చదివింది. ఆ రాసినతనికి చాప వేసి, వేడిగా బియ్యపు సారా పోసింది నేనే. అందమంట. ఆయన కాళ్ళ పగుళ్ళకి నూనె రాస్తూ బతికినదాన్ని నేను. ఆ కాళ్ళు చల్లబడే వేళకి ఎవరు పట్టుకున్నారయ్యా అంటే మాత్రం లేచి చెప్పులు వెతుక్కుంటారు. సెయిజిని నిలదీస్తే, పెద్దమ్మా, ఆయన ఆత్మ ఆటలో కలిసిపోయింది అన్నాడు. ఆత్మ సంగతి నిన్నెవరడిగారురా, ఒంటి సంగతి చెప్పు అన్నాను. చెప్పలేక గురువు దగ్గరికి పోయాడు.

తొకుజిరో గురువు అడిగినదానికి తిన్నగా చెప్పే మనిషి కాదు. ఏదడిగినా, ముందు నేల తుడు అంటాడు. తుడిచేసరికి అడిగినవాడికి సగం విసుగు, సగం తెలివి వస్తాయి. ఆ రోజు అదీ అనలేదంట. రేపు సాధనకి అందరూ రండి అన్నాడంట. నాకు మాత్రం, చెల్లెమ్మా, రేపు టీ నువ్వే తేవాలి అని కబురు పంపాడు. ఇసాకు పోయాక, ఆ ఆటాడే కొట్టం గడప తొక్కనని ఒట్టు పెట్టుకుని ఉన్నాను. అయినా వెళ్ళాను. ఎవడో ఒకడి నెత్తిన ఆ టీ పోసి వద్దామనే వెళ్ళాను.

గురువు నన్ను చిన్న తలుపు వెనక, లోపలి నడవలో కూచోమన్నాడు. తనే చెక్క మొహం కట్టుకుని ఆటకి లేచాడు. వెనక మూలన సెయిజి. పక్కన టోఫు కొట్టు షోహెయి, పోస్టు మోసే తకేయో, పండగనాడు ఇసాకుని లోపలికి లాగినవాళ్ళే. పాట సగంలో ఉండగా ధబ్బుమని చప్పుడైంది. తలుపు జరిగింది. షోహెయీ, తకేయో గురువుని చంకల కింద పట్టుకుని బియ్యం బస్తాని లాగినట్టు లాక్కొచ్చి, నా కాళ్ళ ముందు వదిలి, వెనక్కి పోయి తలుపు మూసేశారు. నేనున్నానని కూడా చూడలేదు. బయట పాట ఒక్క మాట తప్పలేదు. సెయిజి అడుగు చప్పుడు, గురువు ఆపిన చోటి నుంచే, చక్కగా వినపడుతోంది.

టీ కెటిల్ కింద పడేసి ఆ మొహం తాళ్ళు విప్పాను. కింద గురువు కళ్ళు తెరిచి నన్నే చూస్తున్నాడు. ఒళ్ళు మండిపోయింది నాకు. నోటికొచ్చినట్టు తిట్టాను. ముసలి పీనుగా అన్నాను, చావుతో ఆటలా అన్నాను. కానీ గుసగుసగా తిట్టాను, బయట ఆట సాగుతోంది కదా అని. అట్లా పెరిగాం మేమంతా. దానికీ నా మీద నాకే మంటెత్తింది.

ఆయన అన్ని తిట్లూ పడ్డాడు. పడి, మొహం మళ్ళీ కట్టమని సైగ చేశాడు. కట్టాను. గోడవైపు తిరిగి పడుకున్నాడు, ఇసాకు పడున్నట్టే. నేను చూడలేక లేచి నించున్నాను, అయినా చూశాను.

ఆటయ్యింది. తలుపు జరిపి సెయిజి వచ్చాడు, చెమటతో మెరిసిపోతూ. వెనకాలే ఆ ఇద్దరూ. సెయిజి మోకాళ్ళ మీద కూచుని, నేలకి నుదురు ఆనించి, ఒక్క అడుగు కూడా పోనివ్వలేదు గురువుగారూ అన్నాడు. వాడి గొంతులో ఏడుపుంది, ఏడుపు కింద గర్వముంది.

గురువు లేచి కూచున్నాడు. తకేయో అదిరిపడి గోడకి గుద్దుకున్నాడు.

"నన్ను లాక్కొచ్చినప్పుడు నా ఒళ్ళు వెచ్చగా ఉందా, చల్లగా ఉందా?" అన్నాడు గురువు, ఆ చెక్క మొహం లోపలి నుంచే.

షోహెయి తన అరచేతులు తిప్పి చూసుకున్నాడు. తకేయో, పట్టుబట్ట మందంగా ఉంటుంది కదండీ అని ఏదో గొణిగాడు. గురువు వాళ్ళని వదిలేసి సెయిజి వైపు తిరిగాడు. వాడు నా కాళ్ళ దగ్గర ఒలికిన టీని చూశాడు.

"చూడలేదు గురువుగారూ," అన్నాడు. "నాకు తెలీదు."

తొకుజిరో గురువు మొహం విప్పి నేల మీద పెట్టాడు.

"నాకెందుకు చెప్తావురా? ఆవిడ అక్కడే నించుంది."