కిటికీ చువ్వకు మిగిలిన ముడి

కరీముల్లాకు ఒక బాధ ఉండేది. తన దగ్గరికి వచ్చే పెద్దవాళ్ళు చివరిదాకా నిలిచేవారు. పిల్లలు నిలిచేవారు కాదు.

అతను జమాల్ షా గారి శిష్యుడు. రాళ్ళగుట్ట మీద చిన్న దర్గా, దాని వెనక వంటపాక, రెండు వేపచెట్లు. అదే వాళ్ళ లోకం. నిద్ర పట్టనివాళ్ళను, ఉన్నట్టుండి మాట మానేసినవాళ్ళను, అన్నం ముందు పెట్టుకుని ఊరికే చూస్తూ కూర్చునేవాళ్ళను చుట్టుపక్కల ఊళ్ళవాళ్ళు అక్కడికి తెచ్చేవారు. ఏ కులమని, ఏ మతమని అడిగేవారు లేరు.

వచ్చినవాళ్ళు పదకొండు గురువారాలు రావాలి. మొదటి వారం సమాధి గది కిటికీ చువ్వకు ఒక ఆకుపచ్చ దారం కట్టాలి. ప్రతి వారం ఎదుట కూర్చున్నవాళ్ళకు మనసులోది చెప్పుకోవాలి. పదకొండో వారం, మనసు కుదుటపడ్డాక, ఎవరి దారం వాళ్ళే విప్పుకుని ఇంటికి తీసుకుపోవాలి.

ఆ ఎదుట కూర్చునే పని ఇదివరకు జమాల్ షా గారిదే. దగ్గు ఎక్కువై ఆయన మంచం పట్టాక, రెండేళ్ళుగా కరీముల్లా చేస్తున్నాడు. శ్రద్ధగానే చేస్తున్నాడు. ఎవరిని ఏం అడగాలో, ఎవరికి ఏ కథ చెప్పాలో ముందురోజే ఆలోచించి పెట్టుకునేవాడు.

"పదిహేను, పదహారేళ్ళ పిల్లలకు ఓపిక లేదు బాబా," అన్నాడొకసారి. "మూడు వారాలు, మహా అయితే నాలుగు. ఆ తర్వాత కనిపించరు. నడుం వంగిన ముసలాయన పదకొండు వారాలూ గుట్ట ఎక్కి వస్తున్నాడు. వీళ్ళకేం రోగం?"

"రోగం ఉండబట్టే కదరా వచ్చింది," అన్నారు జమాల్ షా.

ఆ ఎండాకాలంలో సుంకులమ్మ అనే పిల్లను వాళ్ళమ్మ తీసుకొచ్చింది. పదహారేళ్ళుంటాయి. అంతకుముందు పొలంలో కలుపు తీస్తూ పాటలు పాడే పిల్లేనట. వేరుశనగ పీకేనాటికి పాట మానేసింది. తర్వాత జడ వేసుకోవడం మానేసింది. తర్వాత మంచం మీద గోడవైపు తిరిగి పడుకోవడం తప్ప మరేం చేయడం లేదు.

కరీముల్లా మెత్తగానే అడిగాడు. "ఎవరైనా ఏమైనా అన్నారా తల్లీ? దేనికి భయం? నిద్ర పడుతోందా?"

పిల్ల తల వంచుకుని చాప ఈనెలు గిల్లుతూ కూర్చుంది. "ఏమో," అంది. వెనక కూర్చున్న తల్లే అన్నిటికీ జవాబు చెప్పింది.

రెండో వారమూ అంతే. మూడో వారం పిల్ల నోరు తెరిచి నాలుగు మాటలేవో అంది. కరీముల్లాకు ఉత్సాహం వచ్చింది. ముందురోజు ఎంచి పెట్టుకున్న చీమ కథ చెప్పాడు. ఎన్నిసార్లు జారిపడినా గింజను వదలని చీమ. "బాగుందా?" అని అడిగాడు. "బాగుంది," అంది. నాలుగో వారం మళ్ళీ "ఏమో".

ఐదో వారం రాలేదు.

ఆరో గురువారం కరీముల్లా కిటికీ దగ్గర దారాలు చూసుకుంటూ ఆగిపోయాడు. సుంకులమ్మ దారం లేదు. సంబరంగా గురువు మంచం దగ్గరికి వెళ్ళాడు.

"బాబా! ఆ పిల్లకు నెమ్మదించింది. నాలుగు వారాలకే దారం విప్పుకుని పోయింది."

వంటపాక గడపలో బియ్యం ఏరుతున్న హుసేన్‌బీ తలెత్తింది. దర్గా పొయ్యి, అందరి కడుపులు ఆమె చేతిలోనే ఉంటాయి. "నిన్న వచ్చిందిరా కరీమూ. ఒక్కతే వచ్చింది. మంచినీళ్ళు తాగు తల్లీ అంటే వద్దని తల ఊపింది," అంది.

జమాల్ షా చేతికర్ర పట్టుకుని మెల్లగా లేచారు. కిటికీ దగ్గరికి వచ్చారు. చూపు ఆనక చువ్వలు వేళ్ళతో తడుముకుంటూ పోయారు. ఒకచోట ఆగారు. శిష్యుడి చెయ్యి పట్టి వేళ్ళు అక్కడ పెట్టించారు.

చువ్వకు చిన్న ఆకుపచ్చ ముడి ఉంది. అటూ ఇటూ దారం లేదు. కొసల్లో పంటితో కొరికినట్టు పోగులు లేచి ఉన్నాయి.

"విప్పలేదు బేటా," అన్నారు. "తెంపుకుంది."

కరీముల్లా మొహం కందిపోయింది. "నేనేం చేసేది బాబా? ఎన్ని అడిగాను, ఎన్ని చెప్పాను! నాలుగు వారాల్లో ఒక్కసారి కూడా నా మొహం చూడలేదు. తలే ఎత్తని పిల్లతో ఎవరేం చేస్తారు?"

"ఎక్కడ కూర్చునేది?"

"అదే చాప మీద."

"ఏ వేళప్పుడు?"

"ఈ వేళకే. సాయంత్రం అసర్ నమాజు అయ్యాక."

"అయితే కూర్చో."

కరీముల్లా వెళ్ళి సుంకులమ్మ కూర్చునే చాప మీద కూర్చున్నాడు. జమాల్ షా పడమటి వాకిలికి వీపు పెట్టి, శిష్యుడు ఎప్పుడూ కూర్చునే చోట కూర్చున్నారు. "హుసేన్‌బీ, నువ్వు వీడి వెనక కూర్చోమ్మా. ఈ పూటకు వీడికి నువ్వే తల్లివి."

"నా కడుపున ఇంత మొద్దు పుట్టడు బాబా," అంటూనే ఆమె వచ్చి కూర్చుంది.

వాకిట్లోంచి వాలుపొద్దు సూటిగా కరీముల్లా కళ్ళలో పడింది. ఎదుట గురువు మొహం కనబడలేదు. నల్లటి ఆకారం ఒకటి కనబడింది. అందులోంచి మాట వచ్చింది. మెత్తగా, కరీముల్లా గొంతులాగే.

"ఎవరైనా ఏమైనా అన్నారా నాయనా? దేనికి భయం?"

కరీముల్లా నోరు తెరిచాడు. "వీడికేం భయం లేదు బాబా, మొండితనం," అంది వెనకనుంచి హుసేన్‌బీ. "పొద్దున్నుంచీ గిన్నె ముట్టలేదు. ఎంత పెట్టినా ఇంతే."

"నిద్ర పడుతోందా?"

"పడుకుంటాడు, నిద్రపోడు."

మొదట కరీముల్లాకు నవ్వొచ్చింది. తర్వాత రాలేదు. కళ్ళు మంటపుట్టి నీళ్ళు కారాయి. చెయ్యి అడ్డం పెట్టుకుంటే పెద్దాయన ముందు మర్యాదగా ఉండదనిపించింది. తల దించుకున్నాడు. దించుకుంటే చాప కనబడింది. ఒకచోట ఈనెలు గిల్లి గిల్లి చిన్న గుంట పడింది. అతని వేళ్ళు వాటంతటవే అక్కడికి పోయాయి.

"నా మొహం చూడవేం?" అన్నారు జమాల్ షా.

"ఎండ బాబా."

"పెద్దోళ్ళయితే 'కొంచెం జరుగు సామీ' అని వాళ్ళే చాప పక్కకు లాక్కుంటారు," అంది హుసేన్‌బీ, ఈసారి తన గొంతుతో.

జమాల్ షా దగ్గు ఆగేదాకా ఆగి అన్నారు. "ఓపిక లేదన్నావు. నాలుగు వారాలు కూర్చుందిరా."

కరీముల్లా లేచి చెప్పులు కూడా వేసుకోకుండా గుట్ట దిగాడు.

సుంకులమ్మ ఊరు కోసెడు దూరం. దారి పొడవునా ఆ కొరికిన పోగులే వేళ్ళకు తగులుతున్నట్టుంది. పిల్ల బతికి ఉందో లేదో అన్న ఆలోచన మొదటిసారి వచ్చింది. అప్పటినుంచి నడవలేదు, పరుగెత్తాడు.

వాకిట్లో తల్లి వేరుశనగ కాయలు ఒలుస్తోంది. చెప్పుల్లేని అతని కాళ్ళు చూసి భయపడి లేచింది. "ఏమైంది సామీ?"

"సుంకులమ్మ?"

ఆమె పెరటివైపు చూపించింది. "ఇంక నావల్ల కాదు సామీ. ఈడ్చుకొద్దామన్నా రానంటుంది."

"నువ్వు ఇక్కడే ఉండక్కా. నేనొక్కణ్ణే మాట్లాడతాను."

పెరట్లో మంచం మీద పిల్ల గోడవైపు తిరిగి పడుకుని ఉంది. వీపు మెల్లగా ఎగసి పడుతోంది. అది చూశాక కరీముల్లా నేలమీద కూలబడ్డాడు. ఒక అడుగు పక్కన గోడనీడ ఉంది. అతను కూర్చున్నది ఎండలో.

దారిలో ఏమీ ఎంచి పెట్టుకోలేదు.

"రావడం ఎందుకు మానేశావని అడగడానికి వచ్చాను," అన్నాడు. "రమ్మనడానికి కాదు."

పొరుగు పెరట్లో ఎవరో తొట్టిలో నీళ్ళు పోస్తున్నారు. ఆ చప్పుడు ఆగింది.

"మూడో వారం చెప్పాను," అంది గోడవైపు నుంచే.

"ఏం చెప్పావు?"

"రోజూ లేవాలంటే భయమేస్తోందని చెప్పాను. మీరు చీమ కథ చెప్పారు."

కరీముల్లా తల వంచుకున్నాడు.

"బాగుందా అని అడిగారు. బాగుందన్నాను."

ఇప్పుడు చెప్పడానికి అతని దగ్గర ఏ కథా లేదు. ఉన్నా చెప్పేవాడు కాదు. పొద్దు గోడ మీదికి దిగి అతని కళ్ళలోకి వచ్చింది. అలాగే కూర్చున్నాడు.

ఎంతసేపైందో. మంచం కిర్రుమంది. పిల్ల ఇటు పూర్తిగా తిరగలేదు, మెడ మాత్రం తిప్పింది.

"అన్నా, అక్కడ ఎండ పడుతుంది."

"పర్లేదమ్మా," అన్నాడు.

అతను గుట్ట ఎక్కేసరికి హుసేన్‌బీ దీపం వెలిగిస్తోంది. జమాల్ షా వాకిట్లోనే ఉన్నారు.

"వస్తానందా?"

"లేదు బాబా. వచ్చే గురువారం నేనే వస్తానన్నాను."

"ఏమంది?"

"'ఏమో' అంది."

గురువు తల ఊపారు.

కరీముల్లా కిటికీ దగ్గరికి వెళ్ళాడు. ఆయనలాగే చువ్వలు వేళ్ళతో తడిమాడు. కింది చువ్వకు ఒక ముడి తగిలింది. దానికీ అటూ ఇటూ దారం లేదు. ఆ పక్కన ఇంకొకటి. మూలన ఇంకో రెండు, పాతవి, దుమ్ము పట్టి గట్టిపడ్డవి. వాటి దారాలు కనబడనప్పుడు ఈ నలుగురికైనా నెమ్మదించిందనుకుని తనే సంతోషపడ్డాడు. అవి ఎవరివో గుర్తు తెచ్చుకోవడానికి చూశాడు. ఒక్క మొహమూ గుర్తు రాలేదు. నలుగురూ తల వంచుకునే ఉన్నారు.

సుంకులమ్మ ముడి విప్పబోయాడు.

"ఉండనీ," అన్నారు జమాల్ షా వెనకనుంచి. "ఇక అది నీది."