మీసాలుకు బెల్లం పడని కథ

మార్కెట్ యార్డు పక్కనున్న పాత గోదాములో ఎలుకల గుంపొకటి కాపురముండేది. పప్పుల బస్తాలు, బెల్లం దిమ్మలు, పశువులకు పెట్టే తెలగపిండి, ఇలా తిండికి లోటులేదు. కాకపోతే ఏది మంచిదో, ఏది పొట్ట పాడుచేస్తుందో తిన్నాక గానీ తెలియదు. ఒకసారి కడుపు తిప్పిందంటే ఆ రుచి జోలికి ఏ ఎలుకా మళ్లీ వెళ్లేది కాదు.

ఈ విషయంలో మీసాలు అనే ఎలుకకు గొప్ప పేరు. బాధపెట్టిన రుచిని వాడు జన్మలో మరిచిపోడు. "మీసాలన్నా, ఇది తినొచ్చా?" అని అందరూ వాణ్ణే అడిగేవారు. ఆ పిలుపంటే వాడికి ప్రాణం.

ఒకరోజు కాటా మీదినుంచి తూకపురాయి జారి, వాడి బావ బొద్దోడి తలమీద పడింది. చచ్చాడనే అనుకున్నారు. కానీ బొద్దోడు మెల్లగా కోలుకున్నాడు. నడక బాగుంది, మాట బాగుంది. అందరి మనసూ కుదుటపడింది.

ఆ తర్వాత బొద్దోడు మూలనున్న బూజు తెలగపిండి తిని, కడుపునొప్పితో మెలికలు తిరిగిపోయాడు. తేరుకోగానే మళ్లీ అక్కడికే బయల్దేరాడు.

"ఒరేయ్ బావా, నిన్న అది తినే కదరా చావబోయావు!" అన్నాడు మీసాలు.

"అవునా? కాస్త పుల్లగా ఉంది గానీ, రుచి బాగానే ఉంది బావా," అంటూ బొద్దోడు లొట్టలేసుకుని తిన్నాడు. మళ్లీ పడ్డాడు. లేచి మళ్లీ తిన్నాడు.

గుంపంతా నోరెళ్లబెట్టింది. "ఏం గుండెరా వాడిది!" అంది ఒక ఎలుక. "మీసాలు అయితే వాసనకే పారిపోతాడు," అని నవ్వింది ఇంకొకటి. బొద్దోడికి మెత్తటి గోనె పరిచారు, పప్పు తెచ్చి నోటికందించారు.

మీసాలుకు ఒళ్లు మండిపోయింది. 'ఇన్నాళ్లూ వీళ్ల ప్రాణాలు కాపాడింది నేను. గోనె మాత్రం వాడికా!' ఆ కుళ్లుతో వాడికి తిండి సయించలేదు. చివరికి అందరిముందూ ప్రకటించాడు: "ఆ పిండి నేనూ తింటాను. ఎవరిది ధైర్యమో చూడండి!"

తీరా దగ్గరికెళితే ఆ పిండి ముట్టబుద్ధి కాలేదు. వాడికో ఉపాయం తట్టింది. లోకంలో తనకు అన్నిటికన్నా ఇష్టమైంది బెల్లం. ఎవరూ చూడకుండా పిండిని బెల్లంలో కలిపేసి, కళ్లు మూసుకుని గుటకలు మింగేశాడు.

"శభాష్ మీసాలన్నా!" అని అరిచారంతా. కాసేపటికే వాడు పొట్ట పట్టుకుని కూలబడ్డాడు. అది చూసి కూడా కుర్ర ఎలుకలు కొన్ని, "మేమూ తింటాం!" అంటూ పిండివైపు ఉరికాయి.

"ఆగండి!" అని మొండితోక అవ్వ అడ్డంపడింది. గుంపులోకెల్లా పెద్దది ఆమె. "అది ధైర్యం కాదర్రా! మా చెల్లెలికీ తలకు దెబ్బ తగిలాక ఇలాగే అయ్యింది. ఈ బొద్దోడి నాలుకకు రుచి తెలుస్తుంది, పొట్టకు నొప్పి తెలుస్తుంది. ఈ రుచివల్లే ఆ నొప్పి అని కలిపి చూసే చోటు తలలో చెడిపోయింది. చెల్లెలు అలా తినీ తినీ చచ్చిపోయింది. వీణ్ణి కాపాడుకోవాలి గానీ, వీడిలా కావాలనుకుంటారా?"

కుర్రాళ్లు వెనక్కి తగ్గారు. బొద్దోడు బిక్కమొహం వేసి, "అయితే నేను ధైర్యవంతుణ్ణి కాదా అవ్వా?" అన్నాడు. అవ్వ వాడి తల నిమిరింది. ఆనాటి నుంచి వాణ్ణి ఎవరూ ఒంటరిగా తిననివ్వలేదు.

మీసాలు బతికి బయటపడ్డాడు. బొద్దోడు పరుగున వచ్చి, మంచి బెల్లం ముక్క ముందుపెట్టి, "నీకిష్టమని తెచ్చాను బావా, తిను," అన్నాడు.

మీసాలు ఆశగా ముక్కు చాచాడు. వాసన తగలగానే కడుపులో దేవింది. తప్పు పిండిదే అని వాడికి తెలుసు. వాడి ఒంటికి మాత్రం బెల్లమే శత్రువైపోయింది. ఎంత ప్రయత్నించినా నోటిదాకా రాలేదు.

"తినవా? అయితే నేనే తినేస్తా," అని బొద్దోడు కరకర నమిలాడు. మీసాలు అటు తిరిగి, కళ్లు తుడుచుకున్నాడు.

పక్కవాడి గాయాన్ని గొప్పతనమనుకుని కుళ్లుకుంటే, మనకున్న సుఖం కూడా చేజారిపోతుంది.