పల్లకీకి కొత్త పద్ధతి

మేఘవరం రాజు వీరకేతనుడికి పల్లకీలో కునుకు తీయడం మహా ఇష్టం. కానీ ముందు బోయీ పోలయ్య తీయనిస్తేనా? "ఎడమన రాయి! కుడికి, కుడికి! ముందర ముల్లు!" అని దారి పొడవునా కేకలే. వెనక మోసేవాళ్లకు దారి కనబడదు మరి, ముందువాడి కేకే వాళ్లకు కళ్లు.

ఒకరోజు రాజుగారికి నిద్ర చెడి చిర్రెత్తింది.

"రేపటి నుంచి పల్లకీ చప్పుడు లేకుండా నడవాలి. ఏర్పాటు ఎవరు చేస్తారు?"

మంత్రి నరహరి ప్రెగడ మీసం దువ్వుకుంటూ లేచాడు.

"పెత్తనం సరిగ్గా లేకే ఈ గోల, ప్రభూ!"

తెల్లారేసరికి కొత్త పద్ధతి తయారు. ముందు బోయీల మీద ఒక నాయకుడు, వెనకవాళ్ల మీద ఇంకొకడు, ఇద్దరి మీదా ఒక అధికారి, అందరి మీదా తాను. ముందువాడు చూసింది నాయకుడి చెవిలో చెప్పాలి. అది మంత్రి దాకా ఎక్కి, ఆయన సరేనన్నాక వెనకవాళ్ల దాకా దిగాలి. ఆగాలన్నా అనుమతే. కేక వేస్తే కొలువు ఊడుతుంది.

పోలయ్య ఏడుపు మొహంతో ఆస్థాన హాస్యగాడు బయ్యన్న దగ్గరికి పరుగెత్తాడు.

"అరిస్తే నా కూడు పోద్ది బాబయ్యా. అరవకపోతే వెనకోళ్ల కాళ్లిరుగుతాయి. ఏం చెయ్యమంటారు?"

"మంత్రిగారు చెప్పినట్టే చెయ్యి. పొల్లుపోకుండా."

అలా అన్నాడే గానీ బయ్యన్న మనసు ఊరుకోలేదు. రాత్రి వానకు తోట దారిలో గుంట పడింది. వెళ్లి కర్ర గుచ్చి చూశాడు. మెత్తటి బురదే, రాళ్లు లేవు. ఎందుకైనా మంచిదని ఇంకోసారి గుచ్చి, అప్పుడు రాజు దగ్గరికి నడిచాడు.

"ప్రభూ, తమరి కంచంలోది ముందు వంటవాడు రుచి చూస్తాడు కదా! మొదటి సవారీ మంత్రిగారిది కావద్దూ? తోట దారిన అయితే తమరు వసారాలోంచి చూడొచ్చు."

మంత్రి ఉబ్బిపోయి పల్లకీ ఎక్కాడు.

గుంట కనబడగానే పోలయ్య నాయకుడి చెవిలో చెప్పాడు. నాయకుడు అధికారి చెవిలో. అధికారి తెర పక్కకు వంగాడు. మంత్రి తల బయటపెట్టాడు.

"గుంటా? ఎంత లోతో కనుక్కుని రా!"

అధికారి వెనుదిరిగాడు. బోయీల కాళ్లు మాత్రం ఆగలేదు, ఆగమన్నవాడు లేడుగా! ముందువాళ్లు గుంటలోకి దిగారు. సంగతి తెలియని వెనకవాళ్లు తోశారు. పల్లకీ ముక్కు వంచింది. నరహరి ప్రెగడ సర్రున జారి బురదలో కూర్చున్నాడు.

వసారాలో రాజు తెల్లబోయాడు.

"ఏమిట్రా బయ్యన్నా ఇది? ముందు గుంట ఉందని ఒక్కడూ చెప్పలేదా?"

"చెప్పారు ప్రభూ! ఆ మాట ఇంకా అనుమతి కోసం తిరుగుతోంది. గుంటకు అనుమతి అక్కర్లేదు కనక ముందే వచ్చేసింది."

అంతలో అధికారి వగరుస్తూ వచ్చి, బురదలో ఉన్న మంత్రి ముందు చేతులు కట్టుకున్నాడు.

"కనుక్కున్నానండీ. మోకాలి లోతట!"

రాజు పొట్ట పట్టుకుని నవ్వాడు. నవ్వుతూనే మెడలోని ముత్యాల హారం తీసి బయ్యన్న మెడలో వేసి, తోటంతా వినబడేలా అరిచాడు.

"పోలయ్యా, నీ ఇష్టమొచ్చినట్టు కేకెయ్యరా! నా నిద్ర సంగతి నేను చూసుకుంటాను!"