రాజుగారి చలివేంద్రం

ఎండలకు పేరుపడ్డ ఒకానొక రాజ్యాన్ని ఉద్దండవర్మ అనే రాజు ఏలేవాడు. తనంతటి దాత భూమ్మీద లేడని ఆయన నమ్మకం. ఆ మాట రోజూ నలుగురి నోటా వినకపోతే ఆయనకు అన్నం సయించేది కాదు.

కోట నుంచి సంతకు వెళ్లే బాట పక్కన సూరమ్మ అనే కుమ్మరామె తాటాకు పందిరి వేసి, వేసవిలో బాటసారులకు నీళ్లు పోసేది. కుండలు ఆమె చేసినవే, నీళ్లు ఆమె మోసినవే. ఎండన పడి వచ్చినవాళ్లు దోసిలి పట్టి కడుపారా తాగి, "చల్లగా ఉండు తల్లీ" అని వెళ్లిపోయేవారు.

ఈ సంగతి రాజుగారి చెవిన పడింది. "నా రాజ్యంలో నన్ను కాదని ఇంకొకరికి దీవెనలా?" అని ఆయన మండిపడ్డాడు. భటులు వెళ్లి సూరమ్మ పందిరి పీకేశారు, కుండలు పగలగొట్టారు.

"దానం చేయడానికి నువ్వెవతెవు?" అని గద్దించాడు భటుల నాయకుడు.

"దానం ఏమిటి నాయనా, మంచినీళ్లేగా," అంది సూరమ్మ అయోమయంగా.

అదే చోట రాజుగారు నాపరాతి స్తంభాలతో గొప్ప చలివేంద్రం కట్టించాడు. దానికో నియమం పెట్టాడు. నీళ్లడిగిన ప్రతివాడికీ ముందు వందిమాగధుడు రాజుగారి బిరుదులన్నీ చదివి వినిపించాలి. అవి పూర్తికాకముందే నీళ్లు పోసినవాడి చెయ్యి నరికేస్తారు.

ఒక మిట్టమధ్యాహ్నం సిద్దప్ప అనే ముసలి గాజులవాడు భుజాన గాజుల మలారంతో అక్కడికి వచ్చాడు. నాలుక పిడచకట్టుకుపోయింది. స్తంభం పట్టుకుని, "ఒక్క గుక్క పొయ్యండి బాబూ," అన్నాడు. వందిమాగధుడు బిరుదులు అందుకున్నాడు. నీళ్లు పోసేవాడు చెంబు పట్టుకుని తలవంచుకు నిలబడ్డాడు. చదవడం సగమైనా కాకముందే ముసలాయన కుప్పకూలాడు. మలారంలో గాజులన్నీ ముక్కలయ్యాయి. ఆయన మరి లేవలేదు.

కొలువులో తిప్పన్న అనే చమత్కారి ఉండేవాడు. రాజును నవ్వించడమే అతని ఉద్యోగం. సిద్దప్ప సంగతి విన్న రోజు అతను ఇంటికి వెళ్లాడు. అన్నం ముందు నుంచి లేచిపోయాడు. ఆ రాజు ఉప్పు తిని బతుకుతున్నందుకు తన మీద తనకే అసహ్యం వేసింది.

మర్నాడు మామూలు ముఖంతోనే కొలువుకు వెళ్లి చేతులు కట్టుకున్నాడు.

"ప్రభూ, అంత గొప్ప చలివేంద్రం కట్టించారు కదా, తమరే అక్కడ నీళ్లు తాగకపోతే పుణ్యానికి వెలితి. అదీ మండుటెండలో, గొడుగు లేకుండా, కాలినడకన వెళ్లి తాగాలి. జనమంతా చూడాలి."

జనం చూస్తారనగానే రాజుగారు ఒప్పేసుకున్నాడు.

ఊరంతా బాటకు రెండువైపులా నిలబడింది. పట్టుబట్టలతో, మెడనిండా హారాలతో నడిచిన రాజుగారికి చలివేంద్రం చేరేసరికి కళ్లు బైర్లు కమ్మాయి. తిప్పన్న నీళ్ల చెంబు చేతిలోకి తీసుకున్నాడు. వందిమాగధుడు గొంతు సవరించుకుని మొదలుపెట్టాడు.

"అపర శిబి, అభినవ దధీచి..."

"ముందు నీళ్లు పొయ్యి," అన్నాడు రాజు.

"తమ నియమం ప్రభూ. నా చెయ్యి పోతుంది," అన్నాడు తిప్పన్న.

నియమం రద్దు చేద్దామంటే ఎదురుగా ఊరంతా ఉంది. చెంబు లాక్కుందామంటే పరువు అడ్డొచ్చింది. రాజు పళ్లు కొరికాడు. "సరే, కొన్ని వదిలెయ్యమను."

"ఏది వదలాలో తమరే సెలవియ్యాలి. అపర శిబి?"

"వదిలెయ్యి."

"అభినవ దధీచి? కర్ణుణ్ణి మించిన దాత?"

"తీసెయ్యవయ్యా."

తిప్పన్న ఒక్కొక్కటే అడిగాడు. తొందరపడలేదు. రాజు ఒక్కొక్కటే వదులుకున్నాడు. గొంతు ఎండి, చివరికి తల మాత్రమే ఊపసాగాడు.

"ఇక పేరొక్కటే మిగిలింది. ఉద్దండవర్మ మహారాజుకు పోస్తున్నామని చెప్పమంటారా?"

రాజు స్తంభానికి చేరగిలబడి, "ఎవరైతే ఏమిటి తిప్పన్నా, దాహమేస్తోంది," అన్నాడు.

తిప్పన్న నీళ్లు పోశాడు. రాజు దోసిలి పట్టి, పట్టుబట్టలు తడిసిపోతున్నా ఆపకుండా తాగాడు. ఊపిరి తిరగ్గానే కళ్లెర్రజేసి కత్తి మీద చెయ్యి వేశాడు.

"నన్నే నలుగురిలో నిలబెడతావా?"

"నిలబెట్టాను," అన్నాడు తిప్పన్న. "తమరిప్పుడు నీళ్లడిగినట్టే గాజుల సిద్దప్ప కూడా ఇక్కడే అడిగాడు. అతనికి ఎవరూ పొయ్యలేదు. ఇచ్చేముందు ఏదైనా పుచ్చుకుంటే అది దానం కాదు ప్రభూ, అమ్మకం. తమరు నీళ్లిచ్చి పొగడ్తలు పుచ్చుకున్నారు. ఆ ముసలాయనకు ఆ పొగడ్తలు వినే ఓపిక లేక ప్రాణం పోయింది. సూరమ్మ ఎవరి పేరూ అడగలేదు, తన పేరూ చెప్పలేదు. పుణ్యమంటూ ఉంటే అది ఆ పగిలిన కుండల్లో ఉంది. ఇక నరికించండి."

జనంలో ఎవరూ కదల్లేదు. రాజు వాళ్ల ముఖాలు చూశాడు. ఒక్కరి కళ్లలోనూ భక్తి లేదు. కత్తి మీది చెయ్యి మెల్లగా జారింది. మెడలోని హారం తీసి తిప్పన్నకు అందించాడు.

తిప్పన్న దాన్ని అందుకుని, "సిద్దప్ప భార్యకు ఇస్తాను. దీన్ని మాత్రం దానమని చాటించకండి. ఇది తప్పుకు కట్టిన జరిమానా," అన్నాడు.

"అలాగే," అన్నాడు రాజు. వెంటనే, "సూరమ్మ పందిరి నేనే వేయిస్తాను. దాని మీద నా పేరు, చిన్నదిగా, ఓ మూల..." అని నసిగాడు.

తిప్పన్న తలెత్తి రాజు కళ్లలోకి చూశాడు.

ఆ చూపుకు రాజుకే నవ్వొచ్చింది. ముందు మెల్లగా, తర్వాత పొట్ట పట్టుకుని నవ్వాడు. "పోనీ, పేరొద్దులే," అన్నాడు కళ్లు తుడుచుకుంటూ.

తిప్పన్న నవ్వలేదు. గాజులవాడి గుడిసె ఎటో కనుక్కుని, ఆ ఎండలోనే బయలుదేరాడు.

సూరమ్మ మళ్లీ కుండలు చేసింది. ఆ వేసవంతా జనం వచ్చారు, తాగారు, వెళ్లారు. పందిరి ఎవరు వేయించారని అడిగినవాడు లేడు.